జారే గుడ్డకు ఎముకలు తొడిగేటప్పుడు

ప్రశ్న: నమస్కారం మేడమ్. సిమ్యులేషన్ (గుడ్డ ఎలా పడుతుందో కంప్యూటర్‌తో లెక్క కట్టించడం) కోసం ఒక చొక్కా తయారు చేసుకున్నాను. డాజ్ స్టూడియో అనే 3డి సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ మీద చక్కగా పడుతోంది. కానీ పోజు మార్చిన ప్రతిసారీ మళ్ళీ లెక్క కట్టించాలి, అది పూర్తయ్యేదాకా కాచుకోవాలి. ఇదే చొక్కాను బొమ్మతో పాటు తనంతట తానే కదిలే కన్‌ఫార్మింగ్ దుస్తుగా మార్చాలని, బొమ్మ ఎముకలను దుస్తుకు తొడిగే ట్రాన్స్‌ఫర్ యుటిలిటీ వాడాను. చేతులు కదిపితే భుజాల దగ్గర చిరిగినట్టు వస్తోంది. తప్పెక్కడ?

జవాబు: తప్పు మీరు ఆ మీట నొక్కడానికి ముందే జరిగింది. ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం ఇదే ఫిర్యాదు కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

సిమ్యులేషన్ చొక్కాకు ఎముకల సంగతి తెలియదు. అది కేవలం ఒక మెష్, అంటే బిందువులు, పలకలతో అల్లిన వల. దాన్ని కిందికి లాగే బరువు, సాగకుండా పట్టే బిగువు, ఒంటికి తగిలి ఆగడం, ఈ మూడింటినీ ప్రతి ఫ్రేమ్‌కూ కొత్తగా లెక్క కడితే గుడ్డలా పడుతుంది. కన్‌ఫార్మింగ్ చొక్కా పద్ధతి వేరు. దాని లోపల బొమ్మకు ఉన్న ఎముకలే, అవే పేర్లతో ఉంటాయి. బొమ్మ మోచెయ్యి వంచితే చొక్కాలోని మోచెయ్యి కూడా అంతే వంగుతుంది. చొక్కాలోని ప్రతి బిందువు మీదా ఏ ఎముకకు ఎంత పట్టు ఉందో వెయిట్ మ్యాప్ చెబుతుంది. ఒక బిందువు మీద ఉన్న పట్టులన్నీ కలిపితే 1 కావాలి.

ఆ పట్టులను ట్రాన్స్‌ఫర్ యుటిలిటీ ఎక్కడి నుంచి తెస్తుంది? చొక్కాలోని ప్రతి బిందువుకూ ఒంటి మీద అతి దగ్గరగా ఉన్న చోటు వెతికి, అక్కడి విలువలను ఎత్తి రాస్తుంది. అంతకు మించి దానికి తెలివి లేదు. ఇప్పుడు చూడండి. జెనెసిస్ 8 బొమ్మ మామూలుగా చేతులు కిందికి వాల్చి నిలబడుతుంది. అంతకు ముందు తరాల బొమ్మలు జెనెసిస్ 3, విక్టోరియా 4 చేతులు పక్కకు చాచి నిలబడతాయి. చేతులు చాచిన బొమ్మ మీద కుట్టిన చొక్కాను చేతులు వాల్చిన బొమ్మ మీద పెట్టి నొక్కితే, చొక్కా చెయ్యి గాలిలో ఉంటుంది, అసలు చెయ్యి కింద ఉంటుంది. భుజం అంచు బిందువుల్లో కొన్ని మెడ పక్క విలువలు తెచ్చుకుంటాయి, కొన్ని చేతివి తెచ్చుకుంటాయి. మీకు కనిపించే చిరుగు అదే అయి ఉంటుంది.

కాబట్టి బొమ్మను పుట్టినప్పటి పోజులో, ఏ మార్ఫూ (ఆకారం మార్చే సర్దుబాటు) లేకుండా నిలబెట్టండి. చొక్కాను ఆ బొమ్మ మీదే సిమ్యులేషన్ చేయించి, చివరి ఫ్రేమ్‌ను ఓబీజే (3డి ఆకారాన్ని దాచే) ఫైలుగా బయటికి తీసి, అదే కొలతలో మళ్ళీ లోపలికి తెచ్చుకోండి. కొలత మాట ఊరికే అనలేదు. డాజ్ స్టూడియోలో ఒక యూనిట్ అంటే ఒక సెంటీమీటరు. పోజర్ అనే మరో 3డి సాఫ్ట్‌వేర్‌లో నిలువెత్తు మనిషి ఒక యూనిట్ కూడా ఉండడు. దిగుమతి చేసేటప్పుడు సరైన కొలత ఎంచుకోకపోతే చొక్కా పాదాల దగ్గర చుక్కలా పడి ఉంటుంది, అసలు రాలేదనుకుని వెతుక్కుంటారు.

ఇక గుడ్డను పూర్తిగా వాలనివ్వకండి. ఇది నా పట్టుదల, నాతో విభేదించేవారు ఉన్నారు. నిలబడ్డ బొమ్మ మీద గుడ్డ వాలినప్పుడు చంక కింద పడే మడతలు ఆ పోజుకే సొంతం. వాటిని మెష్‌లో శాశ్వతం చేస్తే చెయ్యి పైకెత్తినప్పుడు కూడా అక్కడే ఉంటాయి, చూడగానే అబద్ధమని తెలిసిపోతుంది. నేను బరువును బాగా తగ్గించి, గుడ్డ ఒంటిని తాకి కుదురుకునే దాకా మాత్రమే నడిపిస్తాను. నడుము దగ్గర, మోచేతి వంపు దగ్గర ఉన్న ముడతలు ఉంచుకుంటాను. చంకలో ఉన్నవి నునుపు చేసేస్తాను.

మీ చొక్కా ముక్కలుగా కత్తిరించి కుట్టిన నమూనా అయితే ఇంకొకటి కూడా చూసుకోవాలి. సిమ్యులేషన్‌లో కుట్టు దగ్గర రెండు అంచులూ ఒకే చోట ఉన్నా, అవి విడి బిందువులు కావచ్చు. తరవాత సబ్‌డివిజన్ (పలకలను ఇంకా చిన్నగా విడగొట్టి నునుపు చేయడం) పెట్టగానే కుట్టు నోరు తెరుస్తుంది. ముందే అంచు బిందువులను కలిపేయండి. రంగులు, డిజైన్లు మెష్ మీద పరిచే యూవీ మ్యాప్ అతుకులను మాత్రం కదపకండి.

సిమ్యులేషన్‌కు చిందరవందర త్రిభుజాల మెష్ మంచిది, ఎందుకంటే వరస గళ్ళ మెష్‌లో మడతలు ఆ వరసల వెంటే పడతాయి. ఎముకలకు మాత్రం మోచేతి చుట్టూ గాజుల్లా తిరిగే నాలుగు అంచుల పలకల వరసలే హాయి. అమ్మకానికో, యానిమేషన్‌కో అయితే కూర్చుని మెష్ కొత్తగా అల్లుకోండి. మీ సొంత చిత్రాలకు మాత్రమే అయితే ఆ శ్రమ అక్కర్లేదు.

ప్రశ్న: మోకాళ్ళు దాటే గౌను ఒకటి మార్చాను. నిలబడితే బాగుంది. కూర్చోబెడితే మధ్యలో చీలి ప్యాంటులా తయారవుతోంది.

జవాబు: మళ్ళీ అదే "అతి దగ్గర" గొడవ. గౌనులో ఎడమ సగానికి ఎడమ తొడ దగ్గర, కుడి సగానికి కుడి తొడ దగ్గర. నడిమి గీత దగ్గర పట్టు ఒక్కసారిగా మారిపోతుంది. ట్రాన్స్‌ఫర్ యుటిలిటీలో లంగాలకు, గౌన్లకు విడిగా ప్రొజెక్షన్ టెంప్లేట్లు (ఆకార నమూనాలు) ఉన్నాయి, అందులో మీ గౌను ఆకారానికి సరిపడేది ఎంచుకుని మళ్ళీ చేయండి. ఆ తరవాత వెయిట్ బ్రష్‌తో రెండు తొడల పట్టూ ఒకదానిలోకి ఒకటి మెల్లగా కలిసేలా వెడల్పుగా పూయండి. నడుము నుంచి తుంటి దాకా పెల్విస్ (కటి) ఎముకకే అప్పగించండి.

ఇంత చేసినా నడకకు సరిపోతుంది, కూర్చోవడానికి సరిపోదు. ఒడిలో గుడ్డ కుంగాలి, అంచు మోకాళ్ళ మీదుగా జారాలి. ఎముకల పట్టు ఈ రెండు పనులూ చేయలేదు. అందుకే పొడవు గౌన్లను నేను పూర్తిగా మార్చను, సగమే మారుస్తాను. 2017లో డాజ్ స్టూడియో 4.10తో వచ్చిన డీఫోర్స్ అనే గుడ్డ సిమ్యులేషన్ ఇంజిన్ కన్‌ఫార్మింగ్ దుస్తుల మీద కూడా పనిచేస్తుంది. దానికి ఇన్‌ఫ్లుయెన్స్ వెయిట్స్ అనే మ్యాప్ ఉంది. నడుము దగ్గర 0 పెట్టి, తుంటి కింద నుంచి పెంచుకుంటూ అంచుకు 1 చేయండి. పైభాగం ఎముకలతో నడుస్తుంది, కిందిది గుడ్డలా పడుతుంది. లెక్క కట్టాల్సిన బిందువులు తగ్గుతాయి కనుక కాచుకునే సమయం కూడా తగ్గుతుంది. బొమ్మ మొదటి పోజు నుంచి మొదలై మీ పోజుకు మెల్లగా చేరేలా పెట్టండి. లేకపోతే గుడ్డ తొడలకూ పొట్టకూ మధ్య ఇరుక్కుని లెక్క పేలిపోతుంది.

పోజర్ వాడేవారికి కూడా దారి ఉంది. 2002లో పోజర్ 5తో వచ్చిన గుడ్డ సిమ్యులేషన్ విభాగం క్లాత్ రూమ్‌లో, కదలకూడని బిందువులను కన్‌స్ట్రెయిన్డ్ గుంపులో వేస్తే అవి ఒంటినే అంటుకుని ఉంటాయి.

ప్రశ్న: మార్చిన బనియను ఆడబొమ్మ ఛాతీ మీద గాలి తీసేసిన ప్లాస్టిక్ సంచిలా అతుక్కుంటోంది. నిజమైన గుడ్డ ఇలా ఉండదు కదా?

జవాబు: ఉండదు. బొమ్మ ఆకారానికి వాడిన మార్ఫ్‌లను సాఫ్ట్‌వేర్ గుడ్డ మీదికి కూడా అచ్చంగా దింపుతుంది. ఒంటి మీద లోయ ఉంటే గుడ్డలోనూ లోయే. ముందుగా స్మూతింగ్ మాడిఫయర్‌లో నునుపు చేసే సంఖ్యను పెంచి చూడండి. తృప్తి లేకపోతే, ఆ లోయను దాటించి గుడ్డను బిగువుగా చెక్కిన మార్ఫ్ మీరే తయారు చేసి, దానికి బొమ్మలోని మార్ఫ్ పేరే అక్షరం పొల్లుపోకుండా పెట్టండి. అప్పుడు సాఫ్ట్‌వేర్ సొంతంగా ఊహించడం మానేసి మీదే వాడుతుంది. వక్షస్థలం ఒక్కచోటే కాదు, పిరుదుల మధ్య కూడా ఇదే జబ్బు, ఇదే మందు.

ప్రశ్న: కోటు గుండీలు సాగిపోయి కోడిగుడ్ల ఆకారంలోకి వస్తున్నాయి.

జవాబు: ఒక్కో గుండీలోని బిందువులన్నింటికీ ఒకే పట్టు ఇవ్వండి, లేదా గుండీలను విడి వస్తువులుగా చేసి ఆకారం మారకుండా గుడ్డ వెంట కదిలించే రిజిడ్ ఫాలో నోడ్‌లకు తగిలించండి. పోజర్ క్లాత్ రూమ్‌లో మీరు గుండీలను రిజిడ్ డెకరేటెడ్ (సాగని అలంకారాల) గుంపులో వేసి ఉండవచ్చు. ఆ ఏర్పాటు ఓబీజేతో పాటు రాదు.

ప్రశ్న: నాకు బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్ ఒక్కటే వచ్చు. అందులో కుదురుతుందా?

జవాబు: భేషుగ్గా కుదురుతుంది. గుడ్డకు డేటా ట్రాన్స్‌ఫర్ మాడిఫయర్ తగిలించి, మూలంగా ఒంటిని చూపించి, వెర్టెక్స్ గ్రూపులను (ఎముకల పట్టు విలువలు దాచే గుంపులను) తెప్పించుకోండి. దగ్గరి బిందువును కాకుండా దగ్గరి ముఖాన్ని తీసుకుని మధ్య విలువలు లెక్క కట్టే పద్ధతి ఎంచుకుంటే పట్టు మెట్లు మెట్లుగా రాదు. ముందుగా లేయర్లు తయారు చేయించే మీట నొక్కడం మరవకండి, లేకపోతే ఏమీ రాదు. ఆర్మేచర్‌కు (ఎముకల గూటికి) జత చేసి, చివర్లో పట్టులన్నీ కలిపి 1 అయ్యేలా నార్మలైజ్ చేయండి.

ప్రశ్న: కన్‌ఫార్మింగ్ చేశాక ప్యాంటు మోకాలు వంచితే మడతలే పడటం లేదు, రబ్బరు గొట్టంలా వంగుతోంది. సిమ్యులేషన్‌లో వచ్చిన ఆ అందమైన మడతలను ఎలాగైనా తెచ్చుకోలేమా?

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాకు నచ్చిన ప్రశ్న ఇదే. తెచ్చుకోవచ్చు. సిమ్యులేషన్‌ను వదిలిపెట్టకుండా, దాన్ని ఒక్కసారి పనిచేయించి ఫలితాన్ని దాచుకోవాలి.

కన్‌ఫార్మింగ్ ప్యాంటు తొడిగి బొమ్మ మోకాలిని 90 డిగ్రీలు వంచండి. ఆ పోజులో సిమ్యులేషన్ నడిపితే మోకాలి వెనక గుడ్డ నలిగి, ముందు బిగుస్తుంది. ఆ స్థితిని ఓబీజేగా బయటికి తీయండి. సబ్‌డివిజన్ తీసేసి మూల మెష్‌నే తీయాలి. బిందువుల సంఖ్య, వరస మారకూడదు. స్మూతింగ్ మాడిఫయర్ ఆపి ఉండాలి, లేకపోతే దాని ప్రభావం రెండుసార్లు పడుతుంది. ఇప్పుడు బొమ్మ పోజు కదపకుండా, ప్యాంటును సిమ్యులేషన్‌కు ముందున్న స్థితికి తెచ్చి, డాజ్ స్టూడియోలోని మార్ఫ్ లోడర్ ప్రోలో ఆ ఫైలును తెరవండి. రివర్స్ డిఫర్మేషన్స్ అనే చోట అవును అని పెట్టండి. ఎముకల వల్ల వచ్చిన వంపునంతా అది వెనక్కి లెక్క కట్టి తీసేసి, మడతలను మాత్రమే మార్ఫ్‌గా మిగులుస్తుంది. దాన్ని మోకాలి వంపుకు ముడివేస్తే, మోకాలు 0 నుంచి 90కి వెళుతున్న కొద్దీ మడతలు 0 నుంచి 1కి పెరుగుతాయి.

ఎడమ, కుడి మోకాళ్ళకు వేర్వేరుగా చేయండి. తొడల దగ్గర అయితే రెండూ కలిసే చోట మార్ఫ్ అంచులను మెల్లగా సున్నాకు దింపాలి. లేకపోతే ఒక కాలు ఎత్తితే రెండో కాలి గుడ్డ కూడా ముడుచుకుంటుంది. మోకాళ్ళు, మోచేతులు, తుంటి, ఈ మూడు చోట్ల చేస్తే చాలు. వేలి కణుపుల దాకా వెళ్ళేవారిని చూశాను, వారి ఓపికకు దండం.

ప్రశ్న: కొనుక్కున్న డైనమిక్ (సిమ్యులేషన్‌తో పడే) దుస్తును మార్చి స్నేహితులకు పంచవచ్చా?

జవాబు: మీ కోసం మార్చుకోవడానికి చాలా లైసెన్సులు అడ్డు చెప్పవు, మెష్‌ను పంచడానికి చాలావరకు ఒప్పుకోవు. కొన్నప్పుడు వచ్చిన షరతుల కాగితం చదవండి. అనుమానంగా ఉంటే తయారుచేసిన వ్యక్తికే రాయండి, చాలామంది జవాబిస్తారు.

ప్రశ్న: నేలను తాకే పై వస్త్రం, భుజాల నుంచి వేలాడేది. దీన్ని కన్‌ఫార్మింగ్ చేయడానికి మంచి పద్ధతి చెప్పండి.

జవాబు: చేయకండి. దాని అంచుకు ఒంటిలో అతి దగ్గరి చోటు మడమ. బొమ్మ అడుగు తీసి అడుగు వేస్తే అంచు మడమతో పాటు ఎగిరి పడుతుంది. అదనపు ఎముకలు దూర్చి ఒక్కో పోజుకూ చేత్తో సర్దుకునేవారు ఉన్నారు, ఆ సర్దుబాటుకు పట్టే సమయంలో సిమ్యులేషన్ రెండుసార్లు పూర్తవుతుంది. మెడ దగ్గరి కొక్కెం, భుజాల మీది పట్టీ వరకు ఛాతీ ఎముకకు అప్పగించి, డీఫోర్స్ మ్యాప్‌లో ఆ భాగానికి 0 పెట్టండి. మిగతాదానికి 1 పెట్టి వదిలేయండి.