కణం అంటుకొంటుందా, పట్టుకొంటుందా?

సందేహం: రిచర్డ్ హైన్స్ అనే జీవశాస్త్రవేత్త పరిశోధన గురించి వ్యాసం రాస్తున్నాను. శరీరంలోని కణాలు తమ పరిసరాలను ఎలా అంటిపెట్టుకొని ఉంటాయన్నది ఆయన విషయం. నేను ‘కణాల అంటుకోలు’ అని రాస్తే ఒక మిత్రుడు ‘కణ సంశ్లేషణ’ అని దిద్దారు. నేను చదువుకొన్న పుస్తకంలో ‘అసంజనం’ అని ఉంది. ఏది సాధువు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: ‘శ్లిష’ ధాతువుకు ఆలింగనమని అర్థం కనుక వ్యుత్పత్తి రీత్యా మీ మిత్రుని మాటలో దోషం లేదు. కాని ‘ప్రోటీన్ సంశ్లేషణ’ అంటూ ఆ మాటను తయారీకి ఏనాడో కేటాయించుకొన్నారు. ప్రోటీన్ల చుట్టూ తిరిగే వ్యాసంలో తయారీకీ పట్టుకీ ఒకే మాట వాడితే చదువరి గతేమిటి?

ఇక ‘అసంజనం’. ఈ మాట కనబడినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. ‘షంజ సంగే’ అని ధాతుపాఠం, అంటే సంస్కృత క్రియామూలాల పట్టిక, చెబుతుంది. ఆ ధాతువుకు అంటిపెట్టుకొని ఉండడమని అర్థం. దానికి ‘ఆ’ అనే ఉపసర్గ చేరితే ఆసంజనం. అచ్చులో దీర్ఘం ఎగిరిపోతే మిగిలే ‘అ’ వ్యతిరేకార్థకం కనుక, అసంజనమంటే అంటకపోవడమే అవుతుంది. నీరు సన్నని గాజుగొట్టం గోడను పట్టుకొని పైకి పాకడానికి ‘అసంజన బలం’ కారణమని పిల్లలకు చెప్పడమంటే, పట్టుకోకపోవడం వల్ల పట్టుకొన్నదని చెప్పడం. ‘కణాసంజనం’ అని సమాసం చేస్తే మాత్రం, సవర్ణదీర్ఘసంధి పుణ్యమా అని, తప్పు రాసేవారూ ఒప్పే రాసినట్లవుతుంది!

ఈ ధాతువు సంతానం పెద్దది. సంగం, ప్రసంగం, ప్రసక్తి, వీపున వేలాడే అమ్ములపొదికి పేరైన నిషంగం, అన్నీ దీని బిడ్డలే. ఆసక్తి కూడా. ఈనాడు ఎవరేమి మాట్లాడినా ‘ఆసక్తికర వ్యాఖ్యలు’ అనేస్తున్నారు గాని, పట్టినదాన్ని వదలకపోవడం ఆసక్తి. అది చూడాలంటే మీ హైన్స్‌నే చూడాలి. 1973లో, లండన్‌లో పనిచేస్తున్న రోజుల్లో, ఆయన కణాల పైపొరకు రేడియోధార్మిక అయోడిన్‌తో గుర్తులు పెట్టి పరీక్షించగా, మామూలు కణాల మీద కనబడిన ఒక పెద్ద ప్రోటీను, వైరస్ వల్ల కేన్సరు గుణం పొందిన కణాల మీద కనబడలేదు. దానికే తరువాత ఫైబ్రోనెక్టిన్ అనే పేరు స్థిరపడింది. లాటిన్‌లో పోగు, కట్టు అనే మాటల కలయిక. మామూలు కణం గాజుపళ్లెం అడుగున బల్లిలాగా పరుచుకొంటే, ఆ ప్రోటీను కొరవడినది పట్టు సడలి గుండ్రమవుతుంది. మరి ఆ ప్రోటీనును కణం దేనితో పట్టుకొంటుంది? అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చేరాక, 1986లో, ఆయనా సహచరులూ పైపొరలోని ఆ గ్రాహకాన్ని జన్యుస్థాయిలో గుర్తించి ఇంటెగ్రిన్ అని పేరు పెట్టారు. 2022లో ఎర్కి రువోస్లాహ్తి, తిమొతి స్ప్రింగర్ అనే శాస్త్రవేత్తలతో కలిసి, వైద్యపరిశోధనకు ఇచ్చే లాస్కర్ పురస్కారం అందుకొన్నారు. దాదాపు యాభైయేళ్లు ఒకే ప్రశ్న!

సంస్కృత నిఘంటువులలో ఆసంజనానికి పిడి, కొక్కెం అన్న అర్థాలు కూడా ఉన్నాయి. ఇంటెగ్రిన్ సరిగ్గా అదే. పైపొరకు ఇవతలా అవతలా తేలి, బయట ఫైబ్రోనెక్టిన్‌ను, లోపల కణపు అస్థిపంజరాన్ని కలిపి పట్టే కొక్కెం. దీన్ని ‘జిగురు’ అని రాసేవారున్నారు. జిగురుకు వదలడం తెలియదు; పాకే కణం ముందు పట్టుకొంటూ వెనుక వదలాలి. అసలు పట్టే లేకపోయినా కష్టమే: రక్తనాళపు గోడను పట్టుకోలేని తెల్లకణాలతో పుట్టిన బిడ్డకు, ఆ కణాలు పుండు దాకా చేరలేవు కనుక, పుండ్లు చీము కూడా పట్టక, మానక వేధిస్తాయి.

అందుకే తెలుగు మాట కావాలంటే నా మొగ్గు ‘పట్టు’ వైపు. పట్టుచీర అడ్డం రాదులెండి. ‘అంటు’కు మామిడి అంటు, తలంటు, అంట్లగిన్నెలు, అంటురోగం ఉన్నాయి, ‘కణాలు అంటుకొన్నాయి’ అంటే నీళ్ల బిందెతో పరుగెత్తేవారుంటారు. ‘అతుకు’ చిరిగినదానికి. లగ్నమన్నా అంటుకొన్నదనే అర్థం గాని, ‘కణలగ్నం’ అంటే పురోహితుణ్ణి వెతుకుతారు.

శీర్షికలో ‘కణాసంజనం’, లోపల ‘పట్టు’ అని వాడితే బాగుంటుందని నా అభిప్రాయం. అయితే మీ ఉత్తరంలో మీరే అలవోకగా ‘అంటిపెట్టుకొని’ అన్నారు. ‘పెట్టుకొను’ చేరగానే నిప్పూ రోగమూ రెండూ తొలగిపోయాయి. దాన్నే ఉంచుకొన్నా నేను కాదనలేను.