జపనీస్ కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు ఏ మాటలు నేర్చుకోవాలి?

నన్నడిగితే మొదటి మాట 'సుమిమసెన్'. రైల్లో ఎవరికైనా తగిలితే క్షమాపణ అదే, హోటల్లో సర్వర్ని పిలవాలన్నా అదే, ఎవరైనా సాయం చేస్తే మొహమాటంగా చెప్పే థాంక్స్ కూడా అదే. తర్వాత 'అరిగతో గొజాయిమస్' (ధన్యవాదాలు). పలకరింపులకు పొద్దున 'ఒహయో గొజాయిమస్', పగలు 'కొన్నిచివ', సాయంత్రం 'కొంబన్వ'. 'సయొనర' అందరికీ తెలిసిన మాటే కానీ, రోజూ కలిసే స్నేహితులతో 'జా, మత' అంటారు.

ఇక వాక్యం. ఇక్కడ తెలుగువాళ్ల పని సగం తేలిక, ఎందుకంటే క్రియ చివరే వస్తుంది, విభక్తి నామం వెనకే వస్తుంది. 'మిజు ఒ కుదసాయ్' అంటే 'నీళ్లు ఇవ్వండి': మిజు నీళ్లు, ఒ మన 'ని/ను' లాంటిది, కుదసాయ్ ఇవ్వండి. మనం 'వస్తారా' అని చివర దీర్ఘం తీసినట్టే వాళ్లు చివర 'క' చేర్చి ప్రశ్న చేస్తారు: 'ఎకి వ దొకొ దెస్ క?' (స్టేషన్ ఎక్కడ?).

దీర్ఘాలు, ద్విత్వాలు మాత్రం జాగ్రత్త. 'ఒబసన్' అత్త లేదా పిన్ని, 'ఒబాసన్' బామ్మ. 'కితె' అంటే రా, 'కిత్తె' అంటే తపాలా బిళ్ల. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుంటే, ముఖ్యంగా దీర్ఘాల తేడాలు జారిపోవచ్చు. హిరగాన (జపనీస్ లిపుల్లో ఒకటి) నేర్చుకునేదాకా తెలుగులోనే రాసుకోండి. హిరగానలో ప్రాథమిక అక్షరాలు 46. వాటి వరుస కూడా సంస్కృత వర్ణక్రమం ప్రభావంతో వచ్చిందే: అ ఇ ఉ ఎ ఒ, క, స, త, న...