చలామణీ నాణేల డిజైన్ తరచూ మారడం సేకరించేవాళ్లకు ఇష్టమేనా?

అందరికీ కాదు, కొత్తగా మొదలుపెట్టినవాళ్లు సరదాపడతారు, చాలాకాలంగా సేకరిస్తున్నవాళ్లలో చాలామంది విసుక్కుంటారు. డిజైన్ మారుతుంటే రోజూ చేతికొచ్చే చిల్లరలోనే వేట సాగుతుంది, ముఖవిలువకు మించి ఖర్చుండదు. కానీ ఆ మార్పులకు అంతు లేకపోతే సెట్ ఎప్పటికీ పూర్తికాదు, అక్కడే ఉత్సాహం చల్లారుతుంది.

అమెరికా 25 సెంట్ల నాణెం చూడండి. 1999 నుంచి 2008 దాకా ఏడాదికి 5 చొప్పున 50 రాష్ట్రాల డిజైన్లు వచ్చాయి. ఆల్బమ్‌లో రాష్ట్రానికో గుంత, నింపితే అయిపోయినట్టే. నాణెం ఏ టంకశాలలో తయారైందో చెప్పే ఫిలడెల్ఫియా 'పి', డెన్వర్ 'డి' గుర్తులు రెండూ కావాలనుకుంటే మాత్రం 100 నాణేలు! జనం ఎగబడ్డారు. ఆ తర్వాత 2010–2021 మధ్య మరో 56 డిజైన్లు, 2022 నుంచి 2025 దాకా ప్రముఖ మహిళల బొమ్మలు వచ్చాయి. ఇక్కడికి వచ్చేసరికి చాలామంది చేతులెత్తేశారు.

కొత్త డిజైన్ అంటే అరుదైనదని, దాచుకుంటే ధర పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఆ రాష్ట్రాల నాణేలు ఒక్కోటీ కోట్ల సంఖ్యలో ముద్రించినవే, పైగా అందరూ దాచారు. అదే బ్రిటన్‌లో 2009 నాటి క్యూ గార్డెన్స్ (లండన్‌లోని వృక్షోద్యానం) 50 పెన్నీల నాణేనికి గిరాకీ ఉందంటే, చలామణీకి వదిలింది 2,10,000 మాత్రమే కాబట్టి.