మడమ నొప్పి ఉండగా వాకింగ్ ఎలా?

ఎనిమిది నెలలుగా మడమ నొప్పి, బరువు తగ్గుదామని రోజూ గంట వాకింగ్ మొదలుపెడితే మళ్లీ తిరగబెట్టింది అన్నారు కదండీ. నాదీ అదే కథ. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు దిగినట్టుండేది. ప్లాంటార్ ఫాసియైటిస్ అన్నారు డాక్టర్. మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి అడుగున ఉండే పట్టీలాంటి కణజాలం దెబ్బతినడం అన్నమాట.

నాకు బాగా పనికొచ్చింది మంచం దిగకముందు చేసే పని. కాలు మీద కాలు వేసుకుని, నొప్పి ఉన్న కాలి వేళ్లను చేత్తో పైకి, మోకాలివైపు వంచి 10 సెకన్లు పట్టుకోవాలి. అలా 10 సార్లు, రోజుకు మూడు పూటలా. సాయంత్రం గడ్డకట్టిన నీళ్ల సీసాను, పైన పల్చటి గుడ్డ చుట్టి, అరికాలి కింద దొర్లించేదాన్ని. ఇంట్లో టైల్స్ మీద వట్టికాళ్లతో తిరగడం మాత్రం మానేయండి. మెత్తటి చెప్పులు చూసి మా అత్తగారు మొదట్లో ముఖం చిట్లించారు లెండి!

వాకింగ్ కొన్నాళ్లు ఆపి సైకిల్ తొక్కండి. తర్వాత పది నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. బరువు సంగతి ఈలోపు కంచంలో చూసుకోవచ్చు, నేను రాత్రి అన్నం సగానికి తగ్గించాను. నొప్పి తగ్గడానికి నెలలు పడుతుంది, టెన్షన్ పడకండి. షుగర్ ఉన్నా, వాపు, తిమ్మిరి ఉన్నా ముందు డాక్టర్‌కి చూపించండి.