నీళ్లు కక్కించడం కాదు, ఊపిరి అందించడం ముందు

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గరి పల్లె. ఇక్కడి ఇటుక బట్టీలకు ఏటా ఒడిశా నుంచి కూలీ కుటుంబాలు వస్తాయి. వారి పిల్లలు మట్టి తవ్విన గుంటల్లోను, సాగర్ ఎడమ కాలువలోను స్నానానికి దిగుతుంటారు. కిందటేడు మునిగిన ఒక బాలుడిని బయటికి తీసి, కాళ్లు పట్టుకొని తలకిందులుగా గిరగిరా తిప్పారు; నీళ్లు వచ్చాయి గాని ఊపిరి రాలేదు. మా యువజన సంఘం శిక్షణ ఇప్పించాలనుకుంటున్నది. ఏమి నేర్పాలి? ఎవరికి నేర్పాలి?
- ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

జవాబు: ముందుగా ఆ తిప్పడాన్ని మాన్పించండి. అలా తిప్పినప్పుడు, పొట్ట నొక్కినప్పుడు వచ్చేది చాలావరకు కడుపులోని నీరే. అది గొంతులోకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం కూడా ఉన్నది. మునిగినవారి గుండె ఆగేది ప్రాణవాయువు అందక గనుక, మెదడు దెబ్బతినడానికి కొద్ది నిమిషాలే వ్యవధి గనుక, నీళ్లు కక్కించడానికి వెచ్చించిన ప్రతి క్షణమూ ఊపిరికి దక్కకుండా పోయినట్లే.

మనిషిని గట్టు మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఒకరు 108కి ఫోన్ చేస్తుండగా మరొకరు పిలిచి, తట్టి చూడాలి. పలకకపోయినా ఊపిరి ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టి కనిపెట్టుకొని ఉండాలి. ఊపిరి లేకపోయినా, ఆగి ఆగి ఎగశ్వాస మాత్రమే కనబడినా, తల వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, ఛాతీ లేచేలా నోటితో రెండుసార్లు ఊదాలి. కొన్ని శిక్షణలలో ఐదుసార్లు అని నేర్పుతారు, అదీ సరైనదే. తరువాత ఛాతీ నడుమ 30 నొక్కులు, మళ్లీ 2 ఊపిరులు, ఈ క్రమాన్ని సహాయం వచ్చేవరకు ఆపకూడదు. నొక్కుల వేగం నిమిషానికి 100 నుంచి 120. లోతు పెద్దవారికి 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, పిల్లలకు ఛాతీ మందంలో మూడో వంతు. చేయి తిరగాలంటే బొమ్మ మీద సాధన చేయవలసిందే. ఉపన్యాసం విని వచ్చే విద్య కాదిది.

కాలువ విషయంలో ఇంకొక హెచ్చరిక. లైనింగు చేసిన గట్టుకు పాచి పట్టి ఉంటుంది. ఈత వచ్చినవాడు దూకినా పైకి ఎక్కలేడు. కాబట్టి చీరలు ముడివేసి విసరడం, వెదురు బొంగు అందించడం, మూత బిగించిన ఖాళీ క్యానుకు మోకు కట్టి వేయడం నేర్పండి. మోకు, క్యాను ఎప్పుడూ గుంట దగ్గరే ఉండాలి.

ఇక ఎవరికి నేర్పాలంటే, మీ సంఘం యువకులకంటే ముందు బట్టీ కూలీలకే, అందులోనూ ఆడవారికి, పెద్ద పిల్లలకు. గుంట పక్కనే గుడిసె వేసుకున్నవారే మొదట చేరుకుంటారు. మీరు వచ్చేసరికి సమయం మించిపోతుంది. తెలుగు అంతంతమాత్రంగా తెలిసినవారికి మాటలకంటే చేసి చూపడం మేలు. వారిలోనే తెలుగు వచ్చిన ఒకరికి, ఫోన్‌లో బట్టీ ఆనవాళ్లు చెప్పడం ప్రత్యేకంగా నేర్పండి. నీట మునకల నివారణకు ఐక్యరాజ్యసమితి 2021లో జూలై 25ను ప్రపంచ దినంగా ప్రకటించింది గాని, ఆ రోజుకు మీ కూలీలు సొంతూళ్లలో ఉంటారు; వారు వచ్చి గుడిసెలు వేసుకున్న మొదటి వారంలోనే శిక్షణ పెట్టుకోండి. వెయ్యి ఇటుకలకు ఇంతని కూలి గనుక, శిక్షణలో పోయిన గంటకు యజమాని చేత డబ్బు ఇప్పించగలిగితేనే అందరూ వస్తారు.

ఊపిరి తిరిగి వచ్చిన మనిషి లేచి కూర్చొని మాట్లాడినా సరే, ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఊపిరితిత్తుల ఇబ్బంది కొన్ని గంటల తరువాత కూడా బయటపడవచ్చు.