ఖాళీ రిజిస్టరు చూసి సంతోషించకండి

పనిచోటు, మనసు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో సూపర్వైజరుగా పనిచేస్తున్నాను. తలలు తీసి నరం లాగే పీలింగ్ హాలు నాది. అక్కడి ఆడవాళ్లకు కిలోల లెక్కన కూలి. మా తప్పుల రిజిస్టరు నెలల తరబడి ఖాళీగానే ఉంటోందని మేనేజరు గారు నన్ను మెచ్చుకుంటారు. తీరా ప్యాకింగ్ దగ్గర చూస్తే నరం ఉండిపోయినవి, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలనే సైజు లెక్క) కలిసిపోయినవి దొరుకుతున్నాయి. ఇకపై తప్పుకు ఇంత అని జరిమానా వేద్దామంటున్నారు. మీరేమంటారు మేడమ్?
– ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి

జవాబు: జరిమానా వద్దమ్మా. ముందు ఆ ఖాళీ రిజిస్టరు సంగతి చూద్దాం.

అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి వార్డుల్లో మందులు ఇచ్చేటప్పుడు జరిగే పొరపాట్లను లెక్కతీశారు. సఖ్యంగా పనిచేసే వార్డుల్లో పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆమె అనుకున్నారు. లెక్క తిరగబడింది. మంచి పేరున్న వార్డుల్లోనే ఎక్కువ నమోదయ్యాయి. ఈ లెక్కలేవీ తెలియని మరొకరిని ఆ వార్డులకు పంపి గమనింపజేస్తే కారణం బయటపడింది. అక్కడి నర్సులు పొరపాటు జరిగిందని పైవాళ్లతో భయం లేకుండా చెబుతున్నారు, మిగతా చోట్ల దాచేస్తున్నారు. ఇది 1996లో అచ్చయింది. ఆ తర్వాత ఒక తయారీ సంస్థలో 51 బృందాలను పరిశీలించి 1999లో మరో వ్యాసం ప్రచురించారు. నోరు విప్పితే పరువు పోదన్న నమ్మకం ఉన్న బృందాలే తప్పుల నుంచి నేర్చుకుంటున్నాయని అందులో తేలింది. దీన్నే మానసిక భద్రత అంటున్నాం.

ఇప్పుడు మీ హాలులో ఒక బల్ల దగ్గరకు వెళ్దాం. ఐసు నీళ్లలో తడిసీ తడిసీ ఆమె వేళ్లు తిమ్మిరెక్కి ఉంటాయి. నరం మధ్యలో తెగి సగం లోపలే ఉండిపోయిందని ఆమెకు తెలుసు. చెబితే ఆ ట్రే వెనక్కి వస్తుంది, రెండోసారి చేసిన పనికి కూలి రాదు, పైగా పదిమందిలో మాట పడాలి. చెప్పకపోతే ట్రే ముందుకు పోతుంది. ఆమె స్థానంలో ఎవరున్నా మాట్లాడరు. ఆ మౌనమే మీ రిజిస్టరును ఖాళీగా ఉంచుతోంది.

జరిమానా గురించి కూడా మంచి పరిశోధన ఉంది. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో పది శిశు సంరక్షణ కేంద్రాలను తీసుకుని, వాటిలో ఆరింటిలో సాయంత్రం పిల్లలను తీసుకెళ్లడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యాయి. డబ్బు కడుతున్నాం కదా, ఇక మొహమాటమెందుకు అనుకున్నారన్నమాట. జరిమానా ఎత్తేశాక కూడా పరిస్థితి మునుపటిలా కాలేదు. యూరి గ్నీజీ, ఆల్డో రస్టికిని 2000లో ప్రచురించిన ఫలితాలివి. అక్కడ ఆలస్యం అందరికీ కనబడేది. మీ దగ్గర తప్పు దాగిపోగలదు కనుక జరిమానా పెడితే దాచడం ఇంకా ముదురుతుంది.

వెనక్కి వచ్చిన ట్రేకు కూడా కూలి ఇప్పించండి, మొదట అడగవలసింది ఇదే. తప్పు చెప్పిన ఆమె పేరు కాక, ఏ లాటు, ఏ వేళ, సరుకు ఎలా ఉందో రాయించండి. చెరువు గట్టున ఐసు చాలక మెత్తబడిన రొయ్య వస్తే పీలింగ్ బల్ల దగ్గర ఎంత నేర్పున్నా లాభం లేదు, ఆ మాట మీకు చెప్పగలిగేది ఆ ఆడవాళ్లే. ఈ పద్ధతి మొదలుపెట్టగానే రిజిస్టరు నిండుతుంది. అది చూసి కంగారు పడవద్దని మేనేజరు గారికి ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: ఒకప్పుడు విదేశీ మనస్తత్వ శాస్త్రవేత్త ఒకరు కాకినాడ వ్యాపారుల మీద ప్రయోగం చేశారని విన్నాను. నిజమేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: నిజమే మాస్టారూ. హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ మెక్లెలాండ్ 1960ల్లో హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థతో కలిసి కాకినాడ వ్యాపారులకు సాధన ప్రేరణలో, అంటే పని బాగా చేసి ఎదగాలన్న తపనను పెంచడంలో, శిక్షణ ఇప్పించారు. బొమ్మ చూపి కథ రాయించడం, గురి చూసి రింగులు వేసే ఆటలో ఎంత దూరం నుంచి వేస్తారో గమనించడం వంటివి ఆయన పద్ధతులు. మరీ దగ్గరా మరీ దూరమూ కాక, శ్రమిస్తే అందే దూరాన్ని ఎంచుకోవడం నేర్పారు. పోల్చి చూడటానికి శిక్షణ ఇవ్వని పట్టణంగా మీ రాజమండ్రినే తీసుకున్నారు. డేవిడ్ వింటర్‌తో కలిసి 1969లో ఫలితాలు ప్రకటించారు. శిక్షణ పొందినవారు వ్యాపారంలో ఎక్కువ చురుకుదనం చూపారని, సంప్రదాయ విశ్వాసాలు అందుకు అడ్డు కాలేదని వారి నిర్ధారణ. మన ప్రాంతం గర్వించదగ్గ ప్రయోగమే. అయితే ఆ తరగతుల్లో కూర్చున్నది యజమానులు. మన డెల్టాలో పనిచేసే చేతుల కథ తెలియాలంటే నరసాపురం లేసు అల్లే స్త్రీల మీద మరియా మీస్ 1982లో ప్రచురించిన అధ్యయనం చూడాలి. ఇంట్లో గంటల తరబడి అల్లినా అది తీరిక వేళ కాలక్షేపమనే పేరుతో ఆ శ్రమ విలువను ఎలా తగ్గించారో అందులో ఉంది. ఈ రెండింటినీ మన కళాశాలల్లో పక్కపక్కన పెట్టి చెప్పాలని నా కోరిక.

ప్రశ్న: ఎంబీఏ ప్రాజెక్టు కోసం మండపేట వైపు రైసు మిల్లుల్లో హమాలీల ఉద్యోగ సంతృప్తిపై సర్వే చేశాను. అయిదు పాయింట్ల స్కేలులో దాదాపు అందరూ ‘పూర్తిగా అంగీకరిస్తున్నాను’ అనే పెట్టారు. ఫారాలు మిల్లు గుమస్తా గారే పంచి, తీసుకుని ఇచ్చారు. ఫలితాలు బాగున్నాయని రాయవచ్చా?
– విద్యార్థి, కోనసీమ

జవాబు: రాయవద్దు బాబూ. గుమస్తా చేతికి తిరిగి ఇవ్వవలసిన కాగితం మీద ఏ హమాలీ తన కష్టం రాస్తాడు? రెన్సిస్ లైకర్ట్ 1932లో ప్రవేశపెట్టిన ఈ స్కేలు మంచి పనిముట్టే. కానీ అడిగిన ప్రతిదానికీ అవునని తలూపే ధోరణిని అది తనంతట పట్టుకోలేదు. అందుకే కొన్ని ప్రశ్నలను తిరగేసి అడగాలి. ‘ఈ పని నాకు తృప్తిగా ఉంది’ అన్నదానికీ ‘వేరే పని దొరికితే రేపే మానేస్తాను’ అన్నదానికీ ఒకరే పూర్తిగా అంగీకరిస్తే ఆ ఫారాన్ని పక్కన పెట్టి ఆలోచించాలి.

దాళ్వా (రబీ) ధాన్యం దిగే రోజుల్లో వాళ్లకు ఊపిరి ఆడదు, అప్పుడు వెళ్లవద్దు. సీజను తగ్గాక, మిల్లు గేటుకు దూరంగా, టీ కొట్టు దగ్గర కలవండి. పేర్లు రాసుకోవద్దు. బస్తా కూలి లెక్క ఎవరు కడతారు, లెక్కలో తేడా వస్తే ఎవరితో చెప్పుకుంటారు అని ముందు అడగండి. ప్రశ్నావళిని ఆ జవాబులు విన్న తర్వాతే కొత్తగా తయారు చేసుకోండి. గడువు పెంచమని మీ గైడు గారిని అడగడానికి మొహమాటపడకండి.