మొక్కలు ఏపుగా పెరిగాయి, గడ్డలు మాత్రం ఉసిరికాయలంతే!

సందేహం: మాది మదనపల్లె. బెంగళూరు కృష్ణరాజపురంలో ఉంటున్నాం. ఫిబ్రవరి ఆఖరులో, వంటింట్లో మొలకలొచ్చిన ఉర్లగడ్డలను (బంగాళాదుంపలను) మేడ మీద గ్రోబ్యాగుల్లో నాటాను. పన్నెండు అంగుళాల బ్యాగుకు నాలుగేసి పెట్టాను. పది రోజులకోసారి చెంచా యూరియా వేశాను. మొక్కలు మోకాలు దాటి పెరిగాయి కానీ పూత రాలేదు. మేలో తవ్వితే ఉసిరికాయలంత గడ్డలు, వాటిలో కొన్ని పచ్చగా ఉన్నాయి. ఎక్కడ తప్పు జరిగింది? ఆ పచ్చవి వండుకోవచ్చా?
– ఒక గృహిణి, బెంగళూరు

సలహా: ముందు పచ్చ గడ్డల సంగతి. వాటిని వండకండమ్మా. మట్టి పైకి తేలి వెలుతురు తగిలిన గడ్డ పచ్చబడుతుంది, దాంతోపాటే సొలనిన్ అనే చేదు విషపదార్థం కూడా పెరుగుతుంది. ఉడికించినా అది పోదు. అంత చిన్న గడ్డకు మందంగా చెక్కు తీస్తే మిగిలేది కూడా ఏమీ ఉండదు, పారేయండి.

ఇక అసలు తప్పు కాలానిది. మొలకలు వచ్చాయి కదా అని నాటేశారు. తవ్విన గడ్డ రెండు, రెండున్నర నెలలు నిద్రలో ఉండి, ఆ తర్వాత వంటింటి బుట్టలో ఉన్నా మొలకెత్తుతుంది. బయట వాతావరణం ఎలా ఉందో దానికి పట్టదు. గడ్డ ఊరాలంటే రాత్రి చలి కావాలి. రాత్రి ఉష్ణోగ్రత 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే, పగలు ఆకులు తయారు చేసిన పిండిపదార్థం కిందికి దిగి గడ్డలో చేరుతుంది. రాత్రులు వెచ్చగా ఉంటే అదంతా మొక్క పెరగడానికీ, శ్వాసకూ ఖర్చయిపోతుంది. బెంగళూరులో ఏప్రిల్ పగళ్లు 33, 34 డిగ్రీలు దాటుతాయి. పైగా మీది మేడ. పగలంతా కాగిన స్లాబు రాత్రి కూడా బ్యాగు అడుగును వెచ్చగానే ఉంచుతుంది.

దీనికి యూరియా తోడైంది. నత్రజని ఎక్కువైతే ఆకు బాగా వస్తుంది, గడ్డ ఆలస్యమవుతుంది. పూత గురించి టెన్షన్ పడకండి, పూయకపోయినా గడ్డ ఊరుతుంది.

ఈసారి అక్టోబర్ రెండో పక్షం నుంచి నవంబర్ మధ్య లోపు నాటండి. అప్పుడు గడ్డ ఊరే రోజులు డిసెంబర్, జనవరి చలిలో పడతాయి. మార్కెట్ గడ్డలు వద్దు. వాటితో బాక్టీరియా వడలు తెగులు వస్తే ఆ మట్టి చాలాకాలం పనికిరాదు. హాసన్, చిక్కబళ్లాపురం వైపు ఉర్లగడ్డ రైతులు చాలామంది ఉన్నారు, అక్కడ తెలిసినవాళ్లుంటే నాలుగు విత్తన గడ్డలు అడిగి తెచ్చుకోండి. కుఫ్రి చంద్రముఖి రకం దొరికితే 80–90 రోజుల్లో వస్తుంది, కుఫ్రి జ్యోతికి ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. కోడిగుడ్డంత గడ్డయితే కోయకుండా నాటండి. పెద్దదైతే ముక్కకు రెండు కళ్లైనా ఉండేలా కోసి, కోసిన చోట ఆరి పొర కట్టేదాకా రెండు మూడు రోజులు నీడలో ఉంచండి. తడి ముక్కను నాటితే కుళ్లిపోతుంది.

పదిహేను అంగుళాల బ్యాగుకు ఒకటి, మహా అయితే రెండు. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కోకోపీట్ కలిపి సగం వరకే నింపి, మూడు అంగుళాల లోతున పెట్టండి. పొయ్యి బూడిద, సున్నం మాత్రం కలపకండి, మట్టిలో క్షారగుణం పెరిగితే గడ్డ మీద గజ్జి మచ్చలు వస్తాయి. బ్యాగులను ఇటుకల మీద పెట్టి, మధ్యాహ్నపు ఎండ పడకుండా చూసుకోండి.

25–30 రోజులకు మొక్క జానెడు దాటుతుంది. అప్పుడు మొదలు చుట్టూ మట్టి ఎగదోయాలి, పది రోజులకు మరోసారి. గడ్డలు పట్టేది వేర్లకు కాదు, భూమిలోని కాండం నుంచి పక్కకు సాగే పిలకలకు. వాటికి చీకటి లేకపోతే మీ పచ్చ గడ్డల కథే మళ్లీ. అలాగని డ్రమ్ము నిండా మట్టి పోస్తూ పోతే అంతస్తులవారీగా గడ్డలు వస్తాయని చూపించే వీడియోలను నమ్మకండి. ఈ తక్కువ రోజుల రకాలు అలా కాయవు.

యూరియా ఇక మానేయండి. మట్టి ఎగదోసేటప్పుడు పిడికెడు వర్మీకంపోస్ట్ చాలు. నీళ్లు కొద్దికొద్దిగా, తేమ ఆరకుండా ఇవ్వండి. ఒకసారి ఎండగట్టి తర్వాత ముంచెత్తితే గడ్డలు పగులుతాయి.

నవంబర్ ముసురులో లేట్ బ్లైట్ అనే ఆకుమచ్చ తెగులును కనిపెట్టి ఉండండి. ఆకుల మీద నీరు నానినట్టు మచ్చలు వచ్చి నల్లబడతాయి, ఉదయం ఆకు అడుగున తెల్లని బూజు కనిపిస్తుంది. ఆ ఆకులు తుంచి దూరంగా పారేయండి. ముసురు ఆగకపోతే లీటరు నీటికి 2.5 గ్రాముల మాంకోజెబ్ అనే తెగులు మందు కలిపి పిచికారీ చేయాలి.

ఆకులు పసుపు తిరిగాక నీళ్లు ఆపి, మొక్కను మొదలుకి కోసేసి, పది రోజులు ఆగి తవ్వండి. ఆలోపు తొక్క గట్టిపడుతుంది. ఎంత వస్తుందంటారా? 60 × 20 సెంటీమీటర్ల దూరంలో నాటిన పొలంలో ఎకరాకు పది టన్నులు వచ్చినా మొక్కకు పడేది సుమారు 300 గ్రాములే. బ్యాగులో అంత వస్తే మీరు గెలిచినట్టే.

తవ్విన మట్టిలో వెంటనే టమాటా, వంగ, మిరప వేయకండి, అన్నీ ఒకే కుటుంబం, తెగుళ్లూ ఒకటే. చిక్కుడో మెంతికూరో వేసుకోండి.